డాబా మీద ఆరు గంటలు, పత్తి చేను పక్కన రెండున్నర గంటలు

ముందే చెప్పేస్తున్నా, చివరికి కృత్తికల ఫొటో బాగానే వచ్చింది. కానీ అంతకు ముందు హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద నాలుగు రాత్రులు కూర్చుని పోగేసిన డేటా దాదాపు మొత్తం పక్కన పడేయాల్సి వచ్చింది. ట్రాకింగ్ బాగుంది, ఫోకస్ బాగుంది, మబ్బు లేదు, చంద్రుడు లేడు, అయినా రాలేదు. ఎందుకు రాలేదో రాసిపెడితే ఇంకెవరికైనా నాలుగు రాత్రుల నిద్ర మిగులుతుందని ఇదంతా రాస్తున్నా.

తీయాలనుకున్నది కృత్తికలు. ఖగోళ వస్తువుల మెస్సియే జాబితాలో ఎం45, మా ఊళ్లో పిల్లలకోడి. దాదాపు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్ర గుచ్ఛం, చీకటి రాత్రి మామూలు కళ్లకే ఆరేడు చుక్కలు గుత్తిలా కనిపిస్తాయి. నక్షత్రాలను మాత్రమే తీయడం పెద్ద పనేం కాదు, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి పది సెకన్లు తీసినా వస్తాయి. నాకు కావాల్సింది వాటి చుట్టూ చుట్టుకుని ఉండే నీలిరంగు పొగలాంటి ధూళి. ఒకప్పుడు అది ఈ నక్షత్రాలు పుట్టగా మిగిలిన ధూళి అనుకునేవాళ్లు. కానీ ఈ గుచ్ఛం వయసు పది కోట్ల ఏళ్లు దాటింది, పుట్టినప్పటి ధూళి ఇంతకాలం నిలవదు. ఇప్పుడు వాటి దారికి అడ్డొచ్చిన వేరే మేఘం అది. పక్క నుంచి వెళుతున్న నక్షత్రాల వెలుతురు పడి కనిపిస్తోంది, అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా తప్పంతా ఇక్కడే ఉంది.

పరికరాల సంగతి త్వరగా చెప్పేస్తా. 61 మిల్లీమీటర్ల చిన్న రిఫ్రాక్టర్, అంటే లెన్సుతో పనిచేసే టెలిస్కోపు, ఫోకల్ లెంగ్త్ 360. సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యానన్ 600డి, సెన్సర్ ముందుండే ఎరుపును అడ్డుకునే ఫిల్టర్ తీయించినది. నక్షత్రాల వెంట టెలిస్కోపును తిప్పే స్కై-వాచర్ హెచ్ఈక్యూ5 మౌంటు, దాన్ని ఐదో అంతస్తు పైకి మోయడమే పెద్ద వ్యాయామం. మౌంటు సరిగ్గా తిరుగుతోందో లేదో చూస్తూ సరిదిద్దే గైడింగ్‌కు 30 మిల్లీమీటర్ల బుల్లి గొట్టం, చిన్న మోనో కెమెరా, ఒక పాత ల్యాప్‌టాప్. అన్నీ కలిపి లక్షన్నర పైమాటే, అందులో సగం మౌంటుకే పోయింది, అలాగే పోవాలి కూడా. టెలిస్కోపు పెద్దదిగా తీసుకుని మౌంటు దగ్గర పొదుపు చేసినవాళ్లను చాలామందిని చూశాను, నేనూ మొదట్లో అదే చేశా. ఈ సెటప్‌లో ఫ్రేము వెడల్పు మూడున్నర డిగ్రీలు, అంటే పున్నమి చంద్రుళ్లను ఏడింటిని పక్కపక్కన పేర్చినంత. కృత్తికలు రెండు డిగ్రీల లోపే కాబట్టి హాయిగా పడతాయి. చిన్న టెలిస్కోపు ఈ పనికి లోటు కాదు, వరం. రెండు మీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉండే ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో తీస్తే నక్షత్రాలు రెండు మూడు తప్ప ఫ్రేములో పట్టవు.

ఇంత ధైర్యంగా మొదలుపెట్టడానికి కారణం ఓరియన్ నెబ్యులా అనే వాయు మేఘం. గొల్లకావడి కింద వేలాడుతున్నట్టు కనిపించే ఆ మసక మచ్చ, ఎం42. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ 11 అంగుళాల టెలిస్కోపుతో 51 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసిన దాని ఫొటోనే నెబ్యులాలన్నిటిలో మొట్టమొదటి ఫొటో. నేను 2025 జనవరిలో ఇదే డాబా మీద నుంచి, 61 మిల్లీమీటర్లతో, డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ పెట్టి గంటా పది నిమిషాల్లో తీశా. రెక్కలు, మధ్యలో ట్రపీజియం అనే నాలుగు నక్షత్రాలు, పక్కన మబ్బు మడతలు, అన్నీ వచ్చాయి. ఇంట్లోవాళ్లు నెట్‌లోంచి దించుకున్నావా అన్నారు, అంతకంటే పొగడ్త ఏముంటుంది. ఆ ఫిల్టర్ రెండు సన్నని పట్టీలను మాత్రమే వదులుతుంది, హైడ్రోజన్ ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర ఒకటి, ఆక్సిజన్ ఆకుపచ్చ 500.7 దగ్గర ఒకటి. ఓరియన్‌లో వాయువు వెలిగేది సరిగ్గా ఆ రంగుల్లోనే, వీధిదీపాలు వెలిగేది ఎక్కువగా వేరే రంగుల్లో. అందుకే నగరం నడిబొడ్డున కూడా పని జరిగింది. ఇక ఆ ఫిల్టర్ ఉంటే చాలు, సిటీలో దేన్నైనా తీసేయొచ్చని ఫిక్స్ అయిపోయా.

రాత్రులు ఎంచుకోవడంలో ఒక తమాషా ఉంది. పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గరుండే నెల కాబట్టే దానికి కార్తీకం అని పేరు. అంటే కృత్తికలు రాత్రంతా కనిపించే నెలలోనే పున్నమి వెలుగు సరిగ్గా వాటి పక్కన వచ్చి కూర్చుంటుంది. దీపావళి అమావాస్య చీకటే కానీ టపాసుల పొగ. అది 2025లో అక్టోబరు 20న అయింది, నెలాఖరున మోంథా తుఫాను, నవంబరు 5న కార్తీక పౌర్ణమి. కాబట్టి నాకు మిగిలింది నవంబరు రెండో వారం చివరి నుంచి, చంద్రుడు అర్ధరాత్రి దాటాక గానీ లేవని రోజులు. 13 నుంచి 16 వరకు డాబా, 20న అమావాస్య దాటగానే 21, 22 ఊరు అని ప్లాన్ వేసుకున్నా. నిజానికి ఊరి ప్లాన్ మొదట లేదు, అది ఓడిపోయాక వచ్చింది.

13వ తేదీ రాత్రి అలవాటుగా అదే డ్యుయల్ బ్యాండ్ ఫిల్టర్ పెట్టా. గంటా యాభై నిమిషాలు తీశా. ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి కలిపి, అంటే స్టాక్ చేసి చూస్తే నక్షత్రాల చుట్టూ పెద్ద పెద్ద వలయాలు, నీలం అన్నదే లేదు, ధూళి జాడ లేదు. చాలాసేపు ఫోకస్ మీద అనుమానపడ్డా, తర్వాత ఫిల్టర్ తిరగేసి పెట్టానేమో అనుకున్నా. అసలు సంగతి చిన్నప్పటి సైన్సు పాఠం. ఓరియన్‌లో వాయువు తనే వెలుగుతుంది, కృత్తికల దగ్గర ధూళి వెలగదు, మీద పడ్డ నక్షత్రం వెలుతురును చెదరగొడుతుంది. 1912లోనే లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ ఆ మసక వెలుగు వర్ణపటం తీసి, అది పక్కనున్న నక్షత్రం వర్ణపటంలాగే ఉందని చూపించాడు. అంటే నక్షత్రం ఇచ్చే రంగులన్నీ అందులో ఉంటాయి, నీలం ఇంకాస్త ఎక్కువ. నేను 656, 500 తప్ప మిగతావన్నీ మూసేసే అద్దం పెట్టుకుని నీలం కోసం వెతుకుతున్నానన్నమాట. గుమ్మానికి తాళం వేసి చుట్టాల కోసం ఎదురుచూసినట్టు.

సరే, ఫిల్టర్ తీసేశా. 14, 15, 16 రాత్రులు రాత్రి ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా. డాబా మీద మొదటి గొడవ ధ్రువ నక్షత్రం, మౌంటు అక్షం దాని వైపు చూస్తేనే నక్షత్రాల వెంట సరిగ్గా తిరుగుతుంది. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు, కాబట్టి ధ్రువుడు కూడా ఆకాశంలో అంతే ఎత్తులో ఉంటాడు. నిటారుగా చాచిన చేతికి పిడికిలి పెట్టి కొలిస్తే రెండు పిడికిళ్లు కూడా రాదు. మాకు ఉత్తరాన పక్క బిల్డింగ్ వాటర్ ట్యాంకు ఉంది, ఇంకేం కనిపిస్తాడు. విదేశీ వీడియోలు చూసి పోలార్ స్కోప్‌లో ధ్రువుణ్ని పట్టుకోవాలని నేర్చుకున్నవాళ్లకు మన దగ్గర మొదట తగిలే దెబ్బ ఇదే. నినా సాఫ్ట్‌వేర్‌లో మూడు పాయింట్ల పోలార్ అలైన్‌మెంట్ అని ఒక ప్లగిన్ ఉంది, ఆకాశంలో ఎక్కడైనా మూడు చోట్ల ఫొటో తీసి, నక్షత్రాలను గుర్తుపట్టి, అక్షం ఎంత తప్పిందో లెక్క చెబుతుంది. ధ్రువుడు కనిపించక్కర్లేదు. ఇంకో తలనొప్పి, ఇంత తక్కువ అక్షాంశంలో మౌంటు అక్షం దాదాపు పడుకున్నట్టు ఉంటుంది, కౌంటర్‌వెయిట్ కడ్డీ వెళ్లి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఒకసారి తగిలి మోటారు గురక పెట్టాక, మౌంటుకూ ట్రైపాడ్‌కూ మధ్య చిన్న ఎక్స్‌టెన్షన్ గొట్టం వేయించుకున్నా.

మొత్తానికి ఆ మూడు రాత్రుల్లో 60 సెకన్ల ఫ్రేములు 380, అంటే 6 గంటల 20 నిమిషాలు. అంతకంటే ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వడానికి లేదు, ఐఎస్ఓ 800 దగ్గర అరవై సెకన్లకే హిస్టోగ్రామ్ (ఫ్రేములో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) గుట్ట మధ్యలోకి వచ్చేస్తోంది. అంటే కెమెరా బక్కెట్టులో ఆకాశపు మసక వెలుగే నిండిపోతోంది. మొదటి రాత్రి డిథరింగ్ పెట్టడం మర్చిపోయా, ఒక్కో ఫ్రేముకూ టెలిస్కోపును కొద్దిగా పక్కకు జరపకపోతే సెన్సర్ మచ్చలన్నీ ఒకే వైపు జారి, స్టాక్ చేశాక ఏటవాలు వాన పడినట్టు గీతలొస్తాయి. వచ్చాయి. మిగతా రెండు రాత్రులు సరిచేశా. మధ్యలో పై ఫ్లాట్ అంకుల్ వచ్చి "ఇది డ్రోనా బాబూ, పర్మిషన్ ఉందా" అని అడిగి, ల్యాప్‌టాప్‌లో చుక్కలు చూసి అరగంట నిలబడి వెళ్లారు.

ఇక ప్రాసెసింగ్. సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేసి, మసక భాగాల వెలుగు పెంచి సాగదీస్తే నక్షత్రాలు చాలా బాగున్నాయి, గుండ్రంగా, వజ్రాల్లా. గుచ్ఛంలోని మెరోపీ నక్షత్రం పక్కన కొద్దిగా నీలి మసక కూడా ఉంది. కానీ ఫ్రేము ఒక మూల నారింజ, ఇంకో మూల ఆకుపచ్చ, మధ్యలో బూడిద. ఈ ఎగుడుదిగుడు వెలుగును, అంటే గ్రేడియంట్‌ను తీయడానికి గ్రాఎక్స్‌పర్ట్ సాఫ్ట్‌వేర్‌లో వేశా. గ్రేడియంట్ పోయింది, దాంతోపాటు ధూళీ పోయింది. కాస్త నెమ్మదిగా తీయమంటే రెండూ మిగిలాయి. ఇక్కడే మూడు సాయంత్రాలు గడిచాయి, సెట్టింగులు మార్చి మార్చి. నాకు తట్టని విషయం ఏమిటంటే సాఫ్ట్‌వేర్‌కు ఎల్ఈడీ వెలుగు ఏదో, 440 కాంతి సంవత్సరాల అవతలి ధూళి ఏదో తెలియదు. రెండూ నెమ్మదిగా మారే మసకలే. ధూళి బలం ఆకాశపు మసకలోని తేడాల కంటే బాగా తక్కువైనప్పుడు ఏ టూల్ అయినా రెండిటినీ కలిపే ఊడ్చేస్తుంది.

అప్పుడు కాగితం మీద లెక్క వేశా, మొదటే వేయాల్సింది. కాంతి కాలుష్యం మ్యాపులో మా ఏరియా ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దాదాపు 18.5 మాగ్నిట్యూడ్, మా మేనమామ గారి ఊరు దాదాపు 21, ఈ అంకె పెరిగేకొద్దీ ఆకాశం చీకటి. తేడా రెండున్నర, అంటే సరిగ్గా పది రెట్లు. ఆకాశం పది రెట్లు వెలుగుగా ఉంటే, మసక వస్తువు అంతే శుభ్రంగా రావడానికి పది రెట్లు ఎక్కువసేపు తీయాలి. ఊళ్లో రెండున్నర గంటలకు డాబా మీద పాతిక గంటలు సమానం, అదీ గ్రేడియంట్ లేదనుకుంటే. కార్తీకంలో నా చేతికి దొరికే రాత్రులు లెక్కేస్తే ఒక సీజన్‌లో అయ్యే పని కాదు.

పోనీ లైట్ పొల్యూషన్ ఫిల్టర్ వాడొచ్చు కదా అంటారు. పాత సోడియం దీపాల కాలంలో వాడొచ్చు, వాటి పసుపు ఎక్కువగా 589 నానోమీటర్ల చుట్టూ ఉండేది, ఆ ముక్క కత్తిరిస్తే సరిపోయేది. ఇప్పుడు వీధులన్నీ తెల్ల ఎల్ఈడీలు. వాటి వెలుగు రంగులన్నిట్లో పరుచుకుని ఉంటుంది, అందులో గట్టి శిఖరం 450 ప్రాంతంలో, నీలంలో. కృత్తికల ధూళి బాగా కనిపించేది కూడా అక్కడే. దొంగా దొరా ఒకే రంగు చొక్కా వేసుకొస్తే కాపలావాడు మాత్రం ఏం చేస్తాడు.

ఇక్కడ ఒక పక్కదారి. ఈ ధూళిలో మెరోపీ దగ్గరి ముక్కను 1859 అక్టోబరులో విల్‌హెల్మ్ టెంపెల్ వెనిస్‌లో కేవలం నాలుగు అంగుళాల టెలిస్కోపుతో కంటితోనే చూశాడు, ఆ రోజుల్లో ఆకాశం అలా ఉండేది. 1885లో పారిస్‌లో హెన్రీ సోదరులు కృత్తికలను ఫొటో తీస్తే, అందులోని మాయా నక్షత్రం చుట్టూ అంతవరకు ఎవరి కంటికీ ఆనని ధూళి ప్లేటు మీద పడింది. ఫొటో కంటి కంటే ఎక్కువ చూస్తుందని తేలాక, 1887లో ఆకాశం మొత్తాన్ని ఫొటోలుగా తీసే అంతర్జాతీయ పథకం మొదలైంది, కార్త్ దు సియెల్. ఆ పథకంలో తన వాటా ఆకాశాన్ని తీసినవాటిలో మన హైదరాబాద్ నిజామియా వేధశాల ఒకటి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన ఆ వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేసింది. అది కూడా ఇదే ఊరు, ఇదే ఆకాశం. తర్వాత పెద్ద టెలిస్కోపును నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. నేను కారు డిక్కీలో సామాను సర్దుతూ దాన్నే తలుచుకున్నా.

21వ తేదీ, శుక్రవారం సాయంత్రం, దేవరకొండ దాటాక మామయ్య పత్తి చేను. చీకటి పడ్డాక తల ఎత్తితే కృత్తికల్లో నాకు తేలిగ్గా ఎనిమిది చుక్కలు లెక్కకు వచ్చాయి, డాబా మీద నాలుగు. మామయ్య మంచం వేసుకుని పక్కనే కూర్చున్నాడు. "ఏందిరా అల్లుడా, పట్నం నుంచి గింత సామాను మోసుకొచ్చింది ఈ పిల్లలకోడి కోసమా? మా చిన్నప్పుడు గడియారాలు యాడియి, గది నెత్తి మీదికొచ్చిందంటే నడిజాము అనుకునేటోళ్లం" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, ఆ వారం కృత్తికలు నడినెత్తి దగ్గరికి వచ్చేది అర్ధరాత్రికి కాస్త అటూఇటూగానే. మన అక్షాంశానికి ఇవి దాదాపు తల మీదుగా వెళతాయి, గాలి పొర అతి పలచగా ఉండే చోటు. యూరప్ వాళ్లు కుళ్లుకోవాల్సిన విషయం.

ఆ రాత్రి పోయింది. మంచు వల్ల. పదిన్నరకల్లా ఫ్రేముల్లో నక్షత్రాల చుట్టూ మెత్తని వెలుగు వచ్చింది, నేను అబ్బ ధూళి ఎంత బాగా పడుతోందో అని మురిసిపోతూ ఇంకో గంట తీశా. లేచి టార్చి వేస్తే లెన్సు మీద తెల్లగా నీటి తుంపర. డాబా మీద ఎప్పుడూ పట్టలేదు కాబట్టి డ్యూ హీటర్ బెల్టు ఇంట్లో డబ్బాలోనే ఉంది. పత్తి చేలో తేమ, నేల తొందరగా చల్లబడటం, ఇవన్నీ నేను లెక్కలోకే తీసుకోలేదు. మర్నాడు దేవరకొండ వెళ్లి చేతులు వెచ్చబెట్టుకునే చిన్న హీట్ ప్యాకుల కోసం మెడికల్ షాపుల్లో అడిగితే దొరకలేదు, చివరికి పవర్ బ్యాంకుతో నడిచే యూఎస్‌బీ హీటింగ్ ప్యాడ్ ఒకటి, నడుం నొప్పిది, దొరికింది. లెన్సు గొట్టం చుట్టూ చుట్టి తాడుతో కట్టా. చూడ్డానికి దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టినట్టుంది గానీ తెల్లారేదాకా పనిచేసింది.

22 రాత్రి అన్నీ కుదిరాయి. 180 సెకన్ల ఫ్రేములు, ఐఎస్ఓ 800, హిస్టోగ్రామ్ గుట్ట పావు వంతు దాటి కొంచెం దూరంలో ఆగింది, డాబాకు మూడింతల ఎక్స్‌పోజర్ ఇచ్చినా సరే. గైడింగ్ తప్పు ఒక ఆర్క్‌సెకనుకు లోపే, నా పిక్సెల్ ఒకటి దాదాపు రెండున్నర ఆర్క్‌సెకన్లు కాబట్టి అది లెక్కలోకి రాదు. గంటకోసారి బహ్తినోవ్ మాస్కు పెట్టి ఫోకస్ చూసుకున్నా. చలికి గొట్టం ముడుచుకుంటుంది, సాయంత్రం పెట్టిన ఫోకస్ అర్ధరాత్రికి ఉండదు, మొదట్లో ఇది తెలియక చాలా పోగొట్టుకున్నా. అర్ధరాత్రి కృత్తికలు నడినెత్తి దాటాక మౌంటు టెలిస్కోపును అటువైపుకు మార్చేటప్పుడు (మెరిడియన్ ఫ్లిప్) కెమెరా వైరు మౌంటు బోల్టుకు తగులుకుని నాలుగు ఫ్రేములు సాగిపోయాయి. ఒకసారి పక్క చేలో మోటారు వేయడానికి వచ్చినాయన బండి హెడ్‌లైటు నేరుగా పడింది, అవి రెండు. మొత్తం 62 తీస్తే చెడినవన్నీ పోగా 51 మిగిలాయి, 2 గంటల 33 నిమిషాలు. తెల్లారాక ఫ్లాట్స్ అనే సరిదిద్దే ఫ్రేములకు మామయ్య తెల్ల పంచె రెండు మడతలు టెలిస్కోపు మూతికి కట్టి, ఆకాశం వైపు తిప్పి ముప్పై తీశా. లెన్సు అంచుల చీకటినీ సెన్సర్ మీది దుమ్ము మచ్చలనూ తీసేయడానికి ఫ్లాట్స్ ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు, మసక ధూళి తీసేటప్పుడైతే అవి లేకుండా మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఈసారి సిరిల్‌లో గ్రేడియంట్‌కు ఒక తిన్నని తలం తీసేస్తే సరిపోయింది, అదీ హైదరాబాద్ వైపు ఉత్తర మూల కొద్దిగా మెరుస్తున్నందుకు. నక్షత్రాలను స్టార్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్‌తో విడదీసి, మిగిలిన మసకను నెమ్మదిగా సాగదీస్తుంటే మెరోపీ కింద దువ్వెనతో దువ్వినట్టు సన్నని పోగులు బయటికొచ్చాయి. తర్వాత మాయా చుట్టూ, ఆ తర్వాత ఫ్రేము అంచుల్లో నీలం కాని గోధుమ రంగు ధూళి కూడా కొంచెం. దాన్ని ఇంకా లాగాలనిపించింది, లాగితే నాయిస్ బయటపడింది, ఆపేశా.

పోల్చడానికి డాబా డేటా 6 గంటల 20 నిమిషాలను మళ్లీ తెరిచి, ఊరి ఫొటో పక్కన పెట్టి చూశా. ధూళి ఎక్కడుందో ఇప్పుడు తెలుసు కాబట్టి డాబా ఫొటోలో కూడా మెరోపీ దగ్గర ఉందని చెప్పగలను, తెలియనివాడు మాత్రం చెప్పలేడు. అయితే నక్షత్రాలు మటుకు డాబా ఫొటోలోనే కాస్త మెరుగు. చిన్న ఎక్స్‌పోజర్ వల్ల వాటి రంగు చెడలేదు, ఊళ్లో మూడు నిమిషాలకు ఆల్‌సియోన్ లాంటివి తెల్లగా కాలిపోయి, నా టెలిస్కోపుది రెండు అద్దాల లెన్సు కావడం వల్ల నీలి అంచు కూడా వచ్చింది. అందుకని చివరి ఫొటోలో ధూళి ఊరిది, నక్షత్రాలు డాబావి. ఆ మేరకు ఆ మూడు రాత్రులు దండగ కాలేదు.

ఇప్పుడు నా పద్ధతి మారింది. డాబా మీద ఉన్నప్పుడు వాయువు నెబ్యులాలు ఫిల్టర్‌తో, ఓరియన్, రోజెట్ లాంటివి, లేదా ధూళి లేని గుచ్ఛాలు ఫిల్టర్ లేకుండా, పెర్సియస్ జంట గుచ్ఛం, ఎం35 లాంటివి. నక్షత్రం చుక్క కాబట్టి ఆకాశం వెలుగును తట్టుకుంటుంది, పరుచుకున్న ధూళి తట్టుకోలేదు. ధూళి, గెలాక్సీలు ఏవైనా సరే ఊరికి వెళ్లే రోజుకు దాచుకుంటున్నా.

ఫొటో ప్రింటు తీసి మామయ్యకు పంపితే ఫోన్ చేసి, "మంచిగుంది గానీ అల్లుడా, చుక్కల సుట్టూ పొగ పట్టినట్టున్నది, అద్దం తుడవలేదా" అన్నాడు. ముందురాత్రి లెన్సు మీద మంచు చూసిన మనిషి, ఆయన అనుమానంలో తప్పు లేదు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించాలి ఈసారి వెళ్లినప్పుడు.

ఇంకా తేలనిది ఒకటుంది, కుడివైపు పై మూలలో నక్షత్రాలు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. ఫ్రేము అంచులను సరిచేసే ఫ్లాట్‌నర్ లెన్సుకు, సెన్సర్‌కు మధ్య దూరం తప్పితే నాలుగు మూలలూ ఒకేలా చెడాలి, ఒక్క మూలే చెడిందంటే కెమెరా కాస్త వంగి కూర్చున్నట్టుంది. కెమెరా అడాప్టర్ దగ్గర అర మిల్లీమీటరు షిమ్, అంటే పలచటి బిళ్ల వేసి చూస్తా, డాబా మీదే, దానికి చీకటి అక్కర్లేదు.